క్రొత్త మొక్కకు త్రోవ యిచ్చుటకు ముందు

తొలకరి సమీపించు కొలది సంఘ కార్యాలయములకు ఎరువుల ధరల పట్టికలతోపాటు క్రొత్త మొక్కల ప్రకటనలును వచ్చుచుండును. ఒకటి గట్టుమీద నాటినచో కంచె యక్కరలేదనును. ఇంకొకటి నీరు పెట్టనక్కరలేని పశుగ్రాసమనును. మఱియొకటి మూడేండ్లలో కలప చేతికి వచ్చుననును. కొన్నిటికి తెలుగున పేరు సయితము ఉండదు. ఎక్కడిదని యడిగిన ఫారిన్ రకమని మాత్రము చెప్పుదురు. ఇట్టి మొక్కను తెప్పించి సభ్యులకు పంచవలయునా యను విషయము పాలకవర్గముల ముందునకు వచ్చినప్పుడు, ధర యెంత, రాయితీ కలదా, ఎన్ని మొక్కలు కావలయును అను మూడు ప్రశ్నలతోనే చర్చ ముగియుట సాధారణము. నాలుగవ ప్రశ్న యొకటి కలదు. ఈ మొక్క నాటినవాని చెప్పుచేతలలో నుండునా, లేక పొరుగువాని చేను పట్టునా? ధరకంటె ముందు దీనిని విచారించుట సంఘముల విధియని మేము తలంచుచున్నాము. కారణములను సభ్యులకు విన్నవింతుము.

సర్కారు తుమ్మ నెఱుగని రైతు మన ప్రాంతములలో లేడు. చెఱువు కట్టలమీదను, బంజరులలోను, వాగుల యొడ్డునను, సాగు మానిన చేలలోను అది లేని చోటు వెదకినగాని దొరకదు. దాని పేరే దాని చరిత్రను చెప్పుచున్నది. 1876లో మద్రాసు రాజధానిలో అడవుల శాఖ అధికారిగా నుండిన బెడ్డోము దొర, మెట్టభూములలో వంటచెఱకునకై ఈ చెట్టును తెప్పింపవలయునని ప్రభుత్వమునకు వ్రాసెను. 1877లో జమైకా ద్వీపమునుండి వచ్చిన విత్తనములను కడప జిల్లా కమలాపురములో నాటిరి. అది ధాత కరవు కాలము. పొయ్యిలోనికి పుల్ల దొరకని మెట్టసీమలో, వాన లేకున్నను బ్రదుకు చెట్టును కోరుట తప్పని మేమనము. కోరినవారు దుష్టులును కారు, మూఢులును కారు. లాభమును లెక్కించి, అదుపు సంగతి లెక్కింపక విడిచిరి, అంతియే.

ఆ సంవత్సరముననే ఎవరైన కొన్ని ప్రశ్నలు వేసియుండినచో ఎట్టి సమాధానములు వచ్చియుండెడివో చూతము. అది పుట్టిన చోటి ఎండవానలు మన మెట్టసీమకు సరిపోవునా? సరిపోవును, సరిపోవునని తలంచియే తెప్పించిరి. విత్తనము ఎట్లు ప్రయాణము చేయును? కాయ తియ్యగా నుండును. గొఱ్ఱెలును మేకలును పశువులును ఇష్టముగా తినును. గింజ మాత్రము జీర్ణము గాక, గట్టి పొర కొంత మెత్తబడి, పేడ యెరువుతో సహా నేలకు చేరును. మంద పోయిన చోటికెల్ల చెట్టు పోవును. ఆకును పశువు మేయునా? సాధారణముగ మేయదు. కావున కాయను మోసికొనిపోయిన మందయే మొలకను మేసి యణచునని ఆశింపరాదు. నఱికిన చచ్చునా? చావదు, మొదటినుండి గుంపుగా పిలకలు వేయును, నేలలోని మొదలు త్రవ్వి తీసినగాని పోదు. నేల పడిన గింజ ఎంతకాలము బ్రదుకును? ఏండ్ల తరబడి. ముండ్లున్నవా? ఈ ప్రశ్నకు చెప్పులు లేక నడచినవారెల్లరు సమాధానము చెప్పగలరు.

ఈ సమాధానములలో ఒక్కదానికైనను గొప్ప పరిశోధనాలయము అక్కరలేదు. ఆ చెట్టుతో మెలగిన జమైకా పశువుల కాపరి నడిగినను చెప్పియుండును. అడిగినవారు లేరు.

అట్లని ఆ చెట్టు వలన మేలే లేదనుట అన్యాయము. భూమి లేని కూలివాని పొయ్యి నేటికిని పెక్కు గ్రామములలో దానితోనే వెలుగుచున్నది. దానిని కొట్టి బొగ్గు కాల్చి జీవించు కుటుంబములు రాయలసీమలోను, నెల్లూరు, ప్రకాశము ప్రాంతములలోను కలవు. తుమ్మ నంతటిని ఒక్కసారి పెఱికివేయుదమను వారు ఈ కుటుంబములకు బదులు చెప్పవలసియుండును. మా తలంపులో జరిగిన పొరపాటు చెట్టును తెచ్చుటకంటె, మేతబీడు, చెఱువు గర్భము, వాగు అను భేదము లేక దానిని పోనిచ్చుటలో ఎక్కువగా నున్నది. గుజరాతులోని కచ్ఛ ప్రాంతమున బన్నీ యను విశాలమైన గడ్డిబీడు కలదు. ఉప్పునేల ముందునకు రాకుండ నడ్డుకొనుటకై 1960 ప్రాంతమున అచ్చట ఇదే చెట్టును నాటించిరి. చెట్టు ఉప్పునేల నడ్డినదో లేదో గాని, గడ్డిని అడ్డినది. పశువులమీదనే యాధారపడిన మాల్ధారీలు తమ బీడును తుమ్మకు కోలుపోయి నేటికిని దానితో పోరాడుచున్నారు.

ఇక అసలు సంగతికి వత్తము. క్రొత్త మొక్కను అమ్మువారి పొగడ్తను ఒక్కొక్కమాటగా విడదీసి చూచినచో, అందులోనే దాని వలని ముప్పు వ్రాసియుండును. నీరక్కరలేదందురు, మన పంట యెండిన యేటను అది యెండదని దాని యర్థము. పశువు ముట్టదందురు, దానిని మేసి హద్దులో నుంచు జీవము మన యూరిలో లేదని యర్థము. నఱికిన కొలది చిగుర్చునందురు. వలదనుకొనిన నాడు గొడ్డలి చాలదని యర్థము. పురుగు పట్టదు, తెగులు రాదందురు. దాని శత్రువులు సముద్రమున కావల నిలిచిపోయినవని యర్థము. ఒక్కసారి నాటిన చాలునందురు. ఈ మాట విన్నప్పుడు మాకు గుండె కొంచెము అదరును. ఒక్కసారి నాటిన తరతరములుండు మొక్క, మనుమలకు ఆస్తి యగునో అప్పు అగునో నాటువాడు ఆలోచింపవలసియున్నది.

ఇట్లు ప్రశ్నించుటను ఒక పద్ధతిగా నేర్పఱచినవారు ఆస్ట్రేలియావారు. వారి దేశము విదేశపు మొక్కల వలన పడిన బాధ యింతింత గాదు. 1997 నుండి వారు, దేశమునకు క్రొత్తగా రానున్న ప్రతి మొక్కను 49 ప్రశ్నలతో పరీక్షించు పద్ధతిని అమలు జరిపిరి. మొక్క పుట్టిన చోటి శీతోష్ణములు, ఇతర దేశములలో దాని నడవడి, ముండ్లు, విషము, విత్తనముల రాశి, అవి గాలికి పోవునా, నీటికి పోవునా, పశువుల కడుపులో పోవునా, ముక్క విఱిచి పాతిన నాటుకొనునా, నఱికినను కాల్చినను తట్టుకొనునా, ఇట్టివి. ప్రతి సమాధానమునకు కొన్ని మార్కులు. మొత్తము సున్నకు మించనిచో మొక్కను రానిత్తురు. ఆఱు దాటినచో వలదందురు. నడుమ నున్నచో ఇంకను విచారింతురు. న్యూజీలాండు, హవాయి మొదలగు చోట్లను ఇదే పద్ధతిని తమకు తగినట్లు మార్చుకొని వాడిరి.

ఈ 49లో మిక్కిలి విలువైన ప్రశ్న యేదని యడిగినచో, ఇతర చోట్ల దాని నడవడి యెట్టిదను ప్రశ్నయే యని ఈ శాస్త్రమెఱిగినవారు చాలమంది చెప్పుదురు. ఇది మనకు క్రొత్త గాదు. ఎద్దును కొనునప్పుడు సంతలోని మాటను నమ్మక, వెనుకటి యజమాని యూరికి పోయి విచారించు రైతు మొక్క విషయమునను అట్లే చేయవలసియున్నది. ఒక దేశమున కాలువలు పూడ్చిన మొక్క ఇంకొక దేశపు కాలువను గౌరవింపదు. అయితే ఎచ్చటికిని పోని మొక్కకు వెనుకటి నడవడి యుండదు. అట్టి మొక్క నిర్దోషియని కాదు; సాక్షి లేడనియే చెప్పవలయును. అప్పుడు విత్తు, వేరు, పిలక, పశువు అను తక్కిన ప్రశ్నలే ఆధారము.

ఆస్ట్రేలియావారు ఇంత పట్టుదలకు వచ్చుటకు గల కారణములలో పశుగ్రాసము ముఖ్యమైనది. 1947 నుండి 1985 వఱకు ఆ దేశపు ఉత్తర భాగమునకు 463 రకముల విదేశపు గడ్డి, కాయజాతి మేత మొక్కలను తెచ్చి పరీక్షించిరి. లాన్స్‌డేల్ అను శాస్త్రజ్ఞుడు 1994లో వాని లెక్క తీసెను. ఉపయోగకరమని తేలినవి 21. కలుపుగా మాఱినవి 60. ఆ ఉపయోగకరమైన 21లో సయితము 17 కలుపు పట్టికలోను చేరియున్నవి. కలుపు గాక, మేతకు మాత్రమే పనికివచ్చినవి నాలుగే నాలుగు. నాలుగింటికొఱకు అఱువదింటిని తెచ్చుకొనిరి. మేలైన మేత గుణములే వ్యాపించు గుణములగుట చేత ఇట్లు జరిగినది: త్వరగా పెరుగుట, కోసిన వెంటనే చిగుర్చుట, విత్తనము విరివిగా కాయుట. మన పాడి సంఘములు క్రొత్త గడ్డి వేరులను, కణుపులను పంచునప్పుడు ఈ లెక్కను గోడమీద వ్రాసికొనుట మేలు.

మంచి మొక్కయు ఈ జల్లెడలో పడి పోవునని, భయముతో లాభము పోగొట్టుకొందుమని ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణ తేలికది కాదు. ఉదాహరణకు వేయి మొక్కలు వచ్చినవనుకొందము, అందు పది మాత్రమే దుష్టములనుకొందము. మన పరీక్ష పదింట తొమ్మిది సార్లు సరిగా చెప్పునదియే యైనను, ఆ పదింటిలో తొమ్మిదిని పట్టుకొనును. తక్కిన తొమ్మిదివందల తొంబదిలో తొంబదితొమ్మిదింటిని నిష్కారణముగ దోషులనును. వలదన్న నూటయెనిమిదింటిలో నిజముగ చెడ్డవి తొమ్మిదియే. ఈ లెక్క చూచినవారికి పరీక్షయే వ్యర్థమని తోచవచ్చును. మాకు అట్లు తోచుట లేదు. పొరపాటున వద్దనిన మొక్కను మఱుచటి యేట మరల విచారించి తెప్పించుకొనవచ్చును. పొరపాటున రమ్మనిన మొక్కను మరల పంపుటకు త్రోవ లేదు. రెండు పొరపాటులకు వెల యొక్కటి గాదు. ముంగిటి పూలమొక్కను వద్దనిన పోవునది స్వల్పము. కరవులో పశువులను నిలుపు మేత మొక్క యైనచో పోవునది యెక్కువ. అట్టిదానిని ఒక్క మాటతో త్రోసివేయక, కట్టుబాటు గల మడిలో పరీక్షింపవలయును.

విదేశపు మొక్క యనగానే ద్వేషింపుమని మేము చెప్పుచున్నామని ఎవరును తలంపరాదు. గుంటూరు మిరప విదేశపుది. అనంతపురము వేరుశెనగ విదేశపుది. మొక్కజొన్న, పొగాకు, టమాటా, జామ, బొప్పాయి, సీతాఫలము, జీడిమామిడి అన్నియు సముద్రము దాటి వచ్చినవే. ఇవి లేని తెలుగువారి భోజనమును ఊహించుటయే కష్టము. అయితే మిరపను నాలుగు నెలలు విడిచిపెట్టి చూడుడు. చేను కలుపు పాలగును గాని, కలుపు మిరప పాలగుట ఎవరును చూడలేదు. ఎరువు, నీరు, కాపు లేనిదే బ్రదుకలేని మొక్క మనకు లోబడియుండును. మనము లేకున్నను హాయిగా బ్రదుకు మొక్కతోనే జాగ్రత్త. స్వదేశ విదేశ భేదము కంటె ఈ భేదము మాకు ముఖ్యముగ తోచుచున్నది.

ఈ రెండు తరగతులకు నడుమ చిక్కినది సుబాబుల్. పూర్వపు కృష్ణా, గుంటూరు, ప్రకాశము జిల్లాలలో కాగితపు మిల్లుల కలపకై దీనిని పెంచు మన సభ్యులు వేలమంది కలరు. మెక్సికో, మధ్య అమెరికాలలో పుట్టిన ఈ చెట్టు పశుగ్రాసము, వంటచెఱకు, నేలకు నత్రజని అను మూడు ప్రయోజనములతో వచ్చినది. గడచిన శతాబ్దపు ఎనుబదుల నాటికి దీనిని కల్పవృక్షమని ప్రచారము చేసినవారు కలరు. 1988లో దీని చిగుళ్లను పీల్చు పురుగు మన దేశమునకు చేరి ఆ యుత్సాహమును కొంత తగ్గించినది. దీని యాకులో మిమోసిన్ అను విషపదార్థము కలదు. మితముగ నితర మేతతో కలిపి పెట్టిన పశువులకు మేలే, మితిమీరిన వెండ్రుకలు రాలును, ఒళ్లు తగ్గును. గుఱ్ఱములకును పందులకును అసలే పడదు. పై పద్ధతిచే పరీక్షించిన హవాయివారు దీనిని అధిక ముప్పు గల మొక్కగా తేల్చిరి. ప్రపంచములోని నూఱు మిక్కిలి చెడ్డ ఆక్రమణ జీవుల పట్టికలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు దీనిని చేర్చిరి. తోట కొట్టిన పిమ్మట మొదలునుండి పిలకలు, రాలిన కాయలనుండి మొలకలు వచ్చుటను, తోటను తీసి మఱల పైరు పెట్టదలచిన రైతు ఎన్ని దుక్కులు దున్నవలసివచ్చునో సుబాబుల్ వేసినవారికి మేము చెప్పనక్కరలేదు.

మఱి వీరెల్లరు తోటలను పెఱికివేయవలయునా? మేము అట్లనుట లేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రైతులు చేసిన పనిని చూడుడు. అచ్చట ఈ చెట్టును పశువుల మేతకు వరుసలుగా పెంచుదురు. కాయలు ఏటిగట్లకు కొట్టుకొనిపోయి వ్యాపించుచున్నవని ఇతరులు దూషించిరి. అంతట పెంపకపు రైతులే ల్యూసీనా నెట్‌వర్క్ అను సంఘముగ నేర్పడి తమకు తామే కట్టుబాట్లు వ్రాసికొనిరి. మేపి సంరక్షింప నుద్దేశము లేనివాడు నాటరాదు. వాగులకు, ఏళ్లకు దగ్గర నాటరాదు. చెట్టును కాయలకు రానీక మేపుచుండవలయును. తోట చుట్టును దట్టమైన గడ్డి పట్టీ నుంచవలయును. దాటిపోయిన మొక్కను నాటినవాడే తీయవలయును. ఇందులో ప్రభుత్వము బలవంతపెట్టినది లేదు. మన సుబాబుల్ రైతులు ధరకొఱకు పెక్కుసార్లు ఏకమైరి. అది న్యాయమైన పోరాటమే. కాలువగట్లను విడిచి నాటుట విషయమున సయితము ఏకమగుట అంత కష్టమైన పని కాదు. మిల్లుకు కొట్టు తోటలో మేపి కాయల నాపుట కుదరదనువారుండవచ్చును. కాయలు పండి రాలక ముందే కొట్టుటయు, సరిహద్దు వరుసలను కత్తిరించుచుండుటయు కుదురునేమో వారే పరిశీలింపవలయును.

వ్యాపించిన పిమ్మట ఏదో పురుగును విడిచి పోగొట్టవచ్చునను ధైర్యము కొందఱికి కలదు. ఈ ధైర్యమునకు మూలమైన కథ మన దక్షిణాదిలోనే జరిగినది, కావున వివరింతుము. పదునెనిమిదవ శతాబ్దపు చివర, స్పెయినువారి చేతిలో నున్న ఎఱ్ఱరంగు వర్తకమును చేజిక్కించుకొనవలయునని కుంపిణీవారు తలపోసిరి. ఆ రంగు జెముడుమీద బ్రదుకు కోచినీలు పురుగునుండి వచ్చును. మద్రాసులో డాక్టరు జేమ్స్ ఆండర్సన్ సైదాపేటయందు పురుగుల మేతకై జెముళ్ల తోటనే పెంచెను. 1795లో బ్రెజిలు దేశమునుండి పురుగు వచ్చినది. తీరా చూడగా అది అసలు కోచినీలు గాక, తక్కువజాతి పురుగు. రంగు వర్తకము సాగలేదు గాని, ఆ పురుగు ఒక జాతి జెముడును చేలవెంట తిని రూపుమాపినది. పంతొమ్మిదవ శతాబ్దమున దానినే దక్షిణాదికి తెచ్చి జెముడుమీద విడిచిరి. నాగజెముడు వేఱుజాతి యగుటచే దానిని ఆ పురుగు ముట్టలేదు. తుదకు 1926లో సింహళమునుండి మఱియొక కోచినీలు జాతిని తెప్పింపగా, కొలది సంవత్సరములలో లక్ష యెకరములకు తక్కువగాని నాగజెముడు పొదలు ఎండి నేల బయటపడినది. అదే కాలమున ఆస్ట్రేలియాలో ఆఱుకోట్ల యెకరములను పట్టిన జెముడును అర్జెంటీనానుండి తెచ్చిన ఒక చిమ్మట పురుగు అణచినది. బూనార్గా గ్రామ రైతులు 1936లో కట్టుకొనిన సమావేశ మందిరమునకు ఆ పురుగు పేరే పెట్టిరి. రైతులు కృతజ్ఞతతో ఒక పురుగుకు మందిరము కట్టుట మఱి యెచ్చటను మేము వినలేదు.

కాని ఇట్టి విజయములు అరుదు. వయ్యారిభామ 1950 తరువాతి దశకమున పూనా ప్రాంతమున కనబడినది. దిగుమతి గోధుమలతో వచ్చినదని పలువురి నమ్మకము. 1980 తరువాత మెక్సికోనుండి ఒక పెంకుపురుగును తెచ్చి విడిచిరి. వానలు బాగుగ పడిన చోట్ల పురుగు ఆకులను తినుచున్నది. అయినను వయ్యారిభామ ఎక్కడికి పోయినది? మన గట్లమీదనే యున్నది. గుఱ్ఱపుడెక్క పువ్వు అందముగ నున్నదని దక్షిణ అమెరికానుండి బంగాళమునకు తెచ్చిన తోట మొక్క. 1936 నాటికి బంగాళమున దానికొఱకు ప్రత్యేకముగ ఒక చట్టమే చేయవలసివచ్చినది. దానికిని 1980 తరువాత ముక్కుపురుగులను తెచ్చిరి. కొన్ని చెఱువులలో గుణము కనబడినది. కృష్ణా, గోదావరి డెల్టా కాలువలలో మాత్రము ఏటేట మనుష్యులును యంత్రములును దిగి తీయుచునే యున్నారు.

ముప్పు ఎంతకాలమునకు తెలియును అనునదియు ముఖ్యము. జర్మనీలోని బ్రాండెన్‌బర్గు ప్రాంతమున తెచ్చి నాటిన చెట్లు, పొదలు స్వయముగ వ్యాపింప మొదలిడుటకు సగటున 147 సంవత్సరములు పట్టినదని లెక్కించిరి. హవాయి వంటి వెచ్చని చోట చెట్లకు 14 సంవత్సరములు, గడ్డి జాతి మెత్తని మొక్కలకు 5 సంవత్సరములు మాత్రమే సగటు. మనది వెచ్చని దేశము. అయినను అయిదేండ్లు గాని, పదునాలుగేండ్లు గాని, పాలకవర్గపు పదవీకాలమునకు తక్కువైనవి కావు. తీర్మానము చేసినవారొకరు, ఫలితమును చూచువారొకరు నగుదురు. కావుననే తీర్మానమును కారణములతో సహా వ్రాసి యుంచవలయునని మేము కోరుచున్నాము.

ఇది ప్రభుత్వము చూచుకొనవలసిన పని గదా యని కొందఱందురు. ప్రభుత్వము రేవులయొద్ద చూచుచున్నది. 1914నాటి చట్టము క్రింద 2003లో వెలువడిన మొక్కల క్వారంటైన్ ఉత్తరువు ప్రకారము, అనుమతి పత్రమును, ఆరోగ్య ధ్రువపత్రమును లేనిదే విత్తనమును గాని మొక్కను గాని విదేశమునుండి తెప్పింపరాదు. నిషేధింపబడిన కలుపుల పట్టికయు అందు కలదు. పరిశోధనకై వచ్చు విత్తనములను పరీక్షించు కేంద్రము హైదరాబాదుననే కలదు. 2020లో గుర్తు తెలియని విత్తనపు పొట్లములు తపాలాలో విదేశములనుండి రావచ్చునని భారత ప్రభుత్వము రాష్ట్రములను హెచ్చరించుటయు సభ్యులకు జ్ఞాపకముండును. కాని రేవులో చూచువాడు తెగులును, పురుగును, పట్టికలోని కలుపును చూచును. మొక్క ఒకసారి దేశములో ప్రవేశించి నర్సరీలలో పెరిగిన పిమ్మట, అది ఒక జిల్లానుండి మఱియొక జిల్లాకు పోవుటను అడ్డగించువారు దాదాపు లేరు. ఆ తరువాతి ద్వారము మన సంఘపు గిడ్డంగియే.

పట్టణములలో కోనోకార్పస్ చెట్టునకు జరిగినది చూడుడు. ఎండకు వాడదు, ఎల్లప్పుడు పచ్చగా నుండునని రహదారుల నడుమను, వీధుల వెంటను విరివిగా నాటిరి. తరువాత తెలంగాణలో దానిని నాటవలదనిరి. 2023లో గుజరాతు ప్రభుత్వమును నిషేధించినది. వేరులు గొట్టములను చీల్చుననియు, పుప్పొడి వలన ఉబ్బసము కలుగుననియు భయము. పుప్పొడిని గూర్చిన మాటకు తగినంత నిరూపణ లేదనువారును కలరు. అందులో ఎవరిది నిజమైనను, నాటుటకు ముందు అడుగవలసినవి కొట్టునప్పుడు అడుగుచున్నారు. తెలియక నాటుటయు, వదంతిని విని కొట్టుటయు రెండును ప్రజల ధనముతోనే.

ఈ పనికి సహకార సంఘమే తగినదని మేమనుటకు కారణము కలదు. మొక్క వలన లాభము నాటినవానిది. కలుపు వలన నష్టము కాలువ క్రింది ఆయకట్టుదారులందఱిది. తన గట్టుమీద తూటికాడ కంచె పాతినవానికి కంచె దక్కినది. విఱిగి నీట పడిన కొమ్మ దిగువ తూములో నాటుకొనినప్పుడు పూడిక తీయు కూలి ఊరిది. ఇట్టి లెక్కను బజారు వేయదు, నర్సరీవాడు వేయడు, వానికి అవసరమును లేదు. అందఱి నష్టమును ఒక్కచోట కూర్చి చూడగలది అందఱును సభ్యులైన సంస్థ యొక్కటే.

కావున మా సూచన యిది. సంఘము ద్వారా క్రొత్త మొక్కను గాని గడ్డిని గాని పంచదలచినప్పుడు, దాని శాస్త్రీయనామమును అమ్మువాని చేత వ్రాయించుకొనవలయును. పేరు చెప్పలేనివానితో బేరమే వలదు. పేరు తెలిసినచో, ఇతర దేశములలో దాని నడవడిని కృషి విజ్ఞాన కేంద్రమువారి ద్వారా ఒక్క దినములో తెలిసికొనవచ్చును. అనుమానము మిగిలినచో, వాగుకును కాలువకును దూరముగ, పశువులు చొరని చోట పది సెంట్ల మడిలో పెంచి, కాయ రాలక ముందు కోసి చూడవలయును. కాలము ముగిసిన పిమ్మట ఆ మడిని రెండు మూడు వానకాలములు గమనింపవలయును. నాటించిన కంపెనీ యేదైన నున్నచో, తొలగింపు ఖర్చుకై కొంత సొమ్మును ముందే సంఘమున డిపాజిటు చేయుమని అడుగుటలో తప్పు లేదు. మా మొక్క సాధువని చెప్పువానికి ఈ డిపాజిటు బరువు గాదు. బరువని యనువానిని ఎందుకని యడుగవచ్చును.

ఎగువ సంఘము తీర్మానించునప్పుడు అదే కాలువమీది దిగువ సంఘమునకు ఒక యుత్తరము వ్రాయుట మఱువరాదు. దిగువవారికి అభ్యంతరమున్నచో సర్వసభ్య సమావేశమునకు ముందే తెలియును. ఈ తొలకరికి మొక్కల ఇండెంట్లు వ్రాయుచున్న కార్యదర్శులు ధర గడి ప్రక్కనే ఇంకొక గడి గీసి, అందు పేరును, పుట్టిన చోటును, గింజ పోవు త్రోవను వ్రాసి పాలకవర్గము ముందుంచినచో మిక్కిలి సంతసింతుము. గడి ఖాళీగా నున్న మొక్కను ఈ యేటికి ఆపవచ్చును.